పెళ్లయితేనే ఉద్యోగం! డెబ్బై ఏళ్లయినా మన కథే.. ‘మిస్సమ్మ’

టు-లెట్ బోర్డులు చదివే అలవాటుందా మీకు? మా నందికొట్కూరు నుంచి కోచింగ్ కోసం నంద్యాలకో, కర్నూలుకో వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని ఉంటుంది. కింద చిన్నగా ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’. అద్దె ఎంత, నీళ్లొస్తాయా, బండి ఎక్కడ పెట్టుకోవాలి.. ఇవన్నీ తర్వాత. ముందు ప్రశ్న ఒక్కటే.

‘పెండ్లయిందా?’

ఈ ఒక్క ప్రశ్న మీద మూడు గంటల సినిమా తీసి, మొదటి నుంచి చివరిదాకా నవ్వించినవాళ్లున్నారు. 1955 జనవరి 12న విడుదలైన ‘మిస్సమ్మ’ అది. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాల్లా నటించిన ఇద్దరు నిరుద్యోగుల కథ.

బ్లాక్ అండ్ వైట్ కదా, అవ్వాతాతల సినిమా కదా అని స్క్రోల్ చేసేయకండి. ఈ మధ్య ఓటీటీల్లో ‘ఫేక్ మ్యారేజ్’ అంటూ వస్తున్న కథలు అరడజను చూశాక నేను మళ్లీ దీన్ని ఫోన్‌లో పెట్టుకుని చూశాను. మిగతావాటి కంటే ఇదే కొత్తగా అనిపించింది. ఎందుకో చెప్తాను. అలాగే ఈ సినిమా ఎక్కడ భయపడిందో కూడా చెప్తాను.

కథేంటంటే..

ఎం.టి.రావు (ఎన్టీఆర్) చదువుకున్నవాడు. పని లేదు. ఆ పేరును కాస్త గబగబా పలికి చూడండి.. ‘ఎంప్టీ రావు’ అనే వినిపిస్తుంది. జేబు పరిస్థితి కూడా అదే. మేరీ (సావిత్రి) కూడా చదువుకుంది. ఆమెకూ పని లేదు. పైగా డేవిడ్ (రమణారెడ్డి) దగ్గర అప్పు ఉంది. అప్పు తీర్చలేకపోతే నన్ను చేసుకో అంటాడు ఆ మహానుభావుడు.

అప్పాపురం అనే ఊళ్లో జమీందారు గోపాలం (ఎస్వీ రంగారావు) ఒక బడి నడుపుతుంటాడు. చిన్నప్పుడే తప్పిపోయిన తన పెద్ద కూతురు మహాలక్ష్మి పేరు దానికి పెట్టుకున్నాడు. ఆ బడికి టీచర్లు కావాలని ప్రకటన ఇస్తాడు. షరతు ఒక్కటే.. చదువుకున్న భార్యాభర్తలే రావాలి.

రావుకు భార్య లేదు. మేరీకి భర్త లేడు. ఇద్దరికీ ఉద్యోగం కావాలి. ఇంకేముంది? అప్పు తీరేదాకా మొగుడూ పెళ్లాల్లా నటిద్దామని ఒప్పందం. అడుక్కుని బతికే దేవయ్య (రేలంగి) వాళ్ల పనివాడిగా కూడా వెళ్తాడు. ముగ్గురి నాటకం మొదలవుతుంది.

మేరీ క్రిస్టియన్. ముక్కు మీద కోపం. రావు హిందువు. నోట్లో తేనె. జమీందారు దంపతులేమో వీళ్లను ఉద్యోగుల్లా కాక కన్నబిడ్డల్లా చూస్తారు. అక్కడే వస్తుంది చిక్కు. ఎంత ప్రేమగా చూస్తే అంతగా అబద్ధం బిగుసుకుంటుంది. పెళ్లే జరగని జంట కథలో సీమంతం పాట దాకా వెళ్తుంది వ్యవహారం!

ఇక గోపాలం రెండో కూతురు సీత (జమున). ఆమె బావ రాజు (ఏఎన్నార్) తనను తాను పెద్ద డిటెక్టివ్ అనుకుంటాడు. తప్పిపోయిన మహాలక్ష్మిని కనిపెట్టే పని నెత్తిన వేసుకుంటాడు. ‘దేవదాసు’ (1953) తర్వాత విషాద నాయకుడి ముద్ర పోగొట్టుకోవడానికి ఏఎన్నార్ కావాలనే ఈ నవ్వుల పాత్ర చేశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్టార్ హీరో సెకండ్ లీడ్‌గా కామెడీ చేయడమన్నమాట.

ఇంకో సరదా సంగతి. సావిత్రికి తండ్రిగా, పెద్దమనిషిగా కనిపించే ఎస్వీ రంగారావు వయసు అప్పటికి 36. ఆయన దగ్గర పనికి కుదిరిన ‘కుర్రాడు’ ఎన్టీఆర్‌కు 31!

అబద్ధం ఎవరిది?

నకిలీ పెళ్లి కథలకు ఓ లెక్క ఉంటుంది. ఇద్దరికి ఏదో అవసరం వస్తుంది. ‘ఇది నాటకం మాత్రమే’ అని షరతులు రాసుకుంటారు. చుట్టూ చూసేవాళ్లుంటారు కాబట్టి వాళ్ల ముందు దగ్గరగా మెలగాలి. మెలగ్గా మెలగ్గా ఒకరికి అసూయ పుడుతుంది. అసూయ పుట్టిందంటే ప్రేమ పుట్టినట్టే. చివర్లో నిజం బయటపడి, నాటకం నిజమవుతుంది. ‘మిస్సమ్మ’లోనూ అంతే. రావు సీతకు సంగీతం నేర్పుతుంటే మేరీ మొహం చూడాలి! నోటితో ఒక్క మాటా అనకుండా సావిత్రి మొత్తం కథ చెప్పేస్తుంది.

అయితే తేడా ఎక్కడుందంటే ఆ మొదటి మెట్టు దగ్గర. వీళ్లకు అవసరం ఎందుకొచ్చింది అన్నచోట.

రావు, మేరీ ముందే ప్రేమించుకుని తర్వాత అబద్ధం ఆడలేదు. పెద్దవాళ్ల పోరు పడలేక కూడా ఆడలేదు. మొదట ఆకలి, తర్వాత అబద్ధం, ఆ తర్వాతే ప్రేమ. ఇద్దరికీ చదువుంది, చెప్పగలిగే సత్తా ఉంది. బడికి వాళ్ల అవసరం కూడా ఉంది. మధ్యలో అడ్డం పడింది ఒక్క రూలు.. ‘భార్యాభర్తలై ఉండవలెను’. పాఠం చెప్పడానికి పెళ్లెందుకు అని సినిమాలో ఎవరూ అడగరు. అడగరు కాబట్టే మనకు నవ్వొస్తుంది. కాస్త ఆగి ఆలోచిస్తే కోపం వస్తుంది.

నాకు ఇంకా నచ్చిందేంటంటే, ఆ రూలు పెట్టినవాళ్లు విలన్లు కారు. గోపాలం అంత మంచి మనిషి ఆ ఊళ్లోనే లేడు. ఆయన భార్య (ఋష్యేంద్రమణి) అన్నం వడ్డించే తీరు చూస్తే మనకే ఆకలి వేస్తుంది. మంచివాళ్లే. కానీ వాళ్ల మంచితనం పెళ్లయినవాళ్ల వరకే తలుపు తీస్తుంది.

ఇది నాకు బాగా తెలిసిన మంచితనం. బ్యాంకు కోచింగ్‌కు నంద్యాల ఎంత పేరున్న ఊరో తెలుసు కదా. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. నేనూ వెళ్లాను. హాస్టల్లో పడక రూము కోసం తిరుగుతుంటే ఒకామె లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

“ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగు పాపా” అంది. తాగాను. “పెండ్లయిందా?” అంది. లేదన్నాను.

“నీ మీద నమ్మకం లేక కాదు పాపా. ఒక్కదానికే ఇల్లిస్తే వీధిలో నలుగురూ నాలుగు మాటలంటారు. నీ మేలుకే చెప్తాండా.”

ఆ మజ్జిగలో కొత్తిమీర కూడా వేసింది. అంత మంచి మనిషి. రూము మాత్రం ఇవ్వలేదు. పెళ్లి కానివాళ్లకు ఇల్లివ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. అయినా ఆ రూలు ప్రతి వీధిలో అమల్లో ఉంది. అప్పాపురం జమీందారు కనీసం పేపర్లో ప్రకటన ఇచ్చాడు. మనకు అది మజ్జిగ తాగాక తెలుస్తుంది.

అదే ఏడాది మన కర్నూలు

ఈ సినిమా విడుదలైన నాటికి మన కర్నూలు రాజధాని. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న ఏర్పడింది. 1956 నవంబర్‌లో హైదరాబాద్‌కు వెళ్లేదాకా రాజధాని ఇక్కడే. సరిపడా భవనాల్లేక ప్రభుత్వ ఆఫీసులు గుడారాల్లో నడిచాయని మా తాతల తరం ఇప్పటికీ చెప్తుంది. ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయి, రాష్ట్రపతి పాలన నడుస్తూ, ఫిబ్రవరి ఎన్నికలకు ఊరంతా సిద్ధమవుతున్న రోజులవి. అప్పుడు నందికొట్కూరు అంటే రాజధాని పక్కనున్న తాలూకా. ఇప్పుడేమో 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాం. ఆళ్లగడ్డ, మేము ఒకే జిల్లా.

కొత్త రాష్ట్రం, కొత్త ఆఫీసులు, చేతిలో డిగ్రీలు పట్టుకుని తిరిగే కుర్రాళ్లు. ‘మిస్సమ్మ’ మొదటి సీన్లు ఆ గాలిలోంచి వచ్చినవే. దేవయ్య పాత్ర చూడండి. అడుక్కునేవాడికి రోజూ ఎంతోకొంత వస్తుంది, చదువుకున్నవాడికి అదీ లేదు. ఈ జోకుకు అప్పుడు హాల్లో ఎంతమంది నవ్వుంటారో, ఎంతమంది తల దించుకునుంటారో!

ఇప్పుడు మాత్రం మారిందా? 2025లో మెగా డీఎస్సీ వచ్చింది. 16,347 టీచర్ పోస్టులు. పోటీ పడ్డవాళ్లు మూడు లక్షలకు పైనే. మా పటేల్ సెంటర్‌లో టీ తాగేవాళ్ల మాటలన్నీ ఆ నెలల్లో కటాఫ్‌లూ, రోస్టర్‌లూ, నార్మలైజేషనే. పెళ్లి షరతు ఇప్పుడు ఉద్యోగానికి లేదు, మంచిదే. అయితే ఉద్యోగం వచ్చాక టీచర్ల బదిలీల్లో ‘స్పౌజ్ పాయింట్లు’ ఉంటాయి. భార్యాభర్తలిద్దరినీ ఒకచోట ఉంచాలన్న మంచి ఉద్దేశంతో పెట్టినవే అవి. వాటి మీద స్టాఫ్ రూముల్లో నడిచే జోకులు వింటే మాత్రం పింగళి నాగేంద్రరావుగారు ఇంకో సినిమాకు మాటలు రాసేసేవారు అనిపిస్తుంది.

తెర వెనకా మలుపులే

‘మిస్సమ్మ’ను తీసింది విజయా ప్రొడక్షన్స్. నిర్మాతలు బి.నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డి మన సీమ మనిషే, కడప జిల్లా పొట్టిపాడు వాళ్లు. చక్రపాణిది తెనాలి. మనం చిన్నప్పుడు చదువుకున్న ‘చందమామ’ పత్రికను 1947లో మొదలుపెట్టింది కూడా ఈ జంటే. దర్శకుడు ఎల్వీ ప్రసాద్, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, కెమెరా మార్కస్ బార్ట్లే. మాటలు, పాటలు పింగళి. దీనికి ముందు అదే సంస్థ తీసిన ‘చంద్రహారం’ (1954) దెబ్బతింది. తర్వాత తీసింది ‘మాయాబజార్’ (1957). ఆ రెండింటి మధ్య మన మేరీ వచ్చింది.

కథ మాత్రం బెంగాల్ నుంచి వచ్చింది. రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే నాటకం దీనికి మూలం. అక్కడ 1935లోనే సినిమాగా కూడా వచ్చింది. దాన్ని చక్రపాణి తెలుగింటి వంటలా మార్చేశారు.

మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిని. నాలుగు రీళ్లు తీశారు కూడా. ఒకరోజు ఆమె వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్‌కు ఆలస్యంగా వచ్చారని, చక్రపాణి క్షమాపణ అడిగారని, ఆమె ససేమిరా అన్నారని చెప్తారు. ఆ గొడవతో భానుమతి తప్పుకున్నారు. సీత పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు. సీతగా జమున వచ్చారు. మిగిలింది చరిత్ర అనడం కంటే, ఆ అసూయ సీన్లు ఒక్కసారి చూడండి చాలు.

తమిళంలో ‘మిస్సియమ్మ’ కూడా సమాంతరంగా తీశారు. రెండు రోజుల తేడాతో విడుదలైంది. అక్కడ రావు పాత్రలో జెమినీ గణేశన్, పక్కన సావిత్రే. 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గా వెళ్లింది. మీనాకుమారి మేరీ. ఏఎన్నార్ చేసిన డిటెక్టివ్ పాత్రలో ఎవరో తెలుసా? కిషోర్ కుమార్!

2007లో వెంకటేష్, త్రిష జంటగా వచ్చిన సినిమా టైటిల్ ఎక్కడిదనుకుంటున్నారు? ‘మిస్సమ్మ’లో ఏఎం రాజా పాడిన ఓ పాట పల్లవే. ఆ సంగతి మా ఫ్రెండ్స్‌లో సగం మందికి తెలియదు.

అక్కడ గ్రీన్‌కార్డు, ఇక్కడ అమ్మానాన్న

నకిలీ పెళ్లి కథలు ప్రపంచమంతా ఉన్నాయి. చిత్రమేంటంటే ఆ నాటకం ఎందుకు ఆడారో చూస్తే ఆ దేశం ఏ రూలు చూసి భయపడుతుందో తెలిసిపోతుంది.

1990లో పీటర్ వీర్ తీసిన ‘గ్రీన్ కార్డ్’ చూడండి. అమెరికాలో ఉండిపోవాలంటే హీరోకు గ్రీన్‌కార్డు కావాలి. హీరోయిన్‌కు మొక్కలు పెంచుకునే గ్రీన్‌హౌస్ ఉన్న ఓ ఫ్లాట్ కావాలి. దాన్నేమో పెళ్లయిన జంటకే ఇస్తారట! న్యూయార్క్‌లో కూడా ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’నా అని నేను గట్టిగా నవ్వాను. 2009లో వచ్చిన ‘ది ప్రపోజల్’లోనూ వీసాయే గొడవ. కెనడా నుంచి వచ్చిన బాస్ తన అసిస్టెంట్‌నే పెళ్లికి ఒప్పిస్తుంది.

మన దగ్గర? 1954లో భానుమతి, ఏఎన్నార్ నటించిన ‘చక్రపాణి’లో ముసలాయన డబ్బు కోసం పెళ్లి నాటకం. 1996లో ‘పవిత్ర బంధం’లో ఏడాది కాంట్రాక్టు పెళ్లి. పెళ్లి మీద నమ్మకం లేని కొడుకుగా వెంకటేష్, ఒప్పుకున్న అమ్మాయిగా సౌందర్య. అందులో నవ్వుల కంటే కన్నీళ్లే ఎక్కువ. 2016లో నందినీరెడ్డి తీసిన ‘కళ్యాణ వైభోగమే’లో నాగశౌర్య, మాళవికా నాయర్ ఇంట్లో పోరు పడలేక పెళ్లి చేసుకుంటారు. కొన్నాళ్లకు విడిపోదామని ముందే మాట్లాడుకుంటారు. హిందీలో ‘లుకా ఛుప్పీ’ (2019) జంట కలిసి ఉంటూ, పెళ్లయిందని చుట్టుపక్కలవాళ్లను నమ్మిస్తుంది.

గమనించారా? అప్పట్లో ఆకలి, ఆస్తి. ఇప్పుడు అమ్మానాన్న, పక్కింటి వాళ్లు. కొత్త సినిమాల్లో జంటకు ఉద్యోగం, కారు, ఫ్లాట్ అన్నీ ముందే ఉంటాయి. నాటకం బెడిసికొడితే పోయేది మహా అయితే మర్యాద. రావు, మేరీల నాటకం బెడిసికొడితే పొయ్యి వెలగదు. డేవిడ్ గుమ్మంలో నిలబడతాడు. అందుకే ఆ నవ్వుల్లో పట్టు ఉంటుంది. పాత సినిమా కొత్తగా అనిపించింది అన్నది అందుకే.

సినిమా భయపడ్డచోటు

ఇప్పుడు అసలు సంగతి.

మేరీ, రావు వేర్వేరు మతాలవాళ్లు. సినిమా రెండు గంటలకు పైగా ఆ తేడాతో చక్కగా ఆడుకుంటుంది. మేరీని వెక్కిరించదు. ఆమె మేరీమాతను వేడుకునే పాట ఎంత శ్రద్ధగా తీశారంటే, ఇప్పటికీ క్రైస్తవ కుటుంబాల్లో ఆ పాటను ఇష్టంగా వినేవాళ్లు నాకు తెలుసు. మా ప్రాంతంలో మేరీ లాంటి అమ్మాయి కొత్త మనిషి కానే కాదు. నంద్యాల ఓ సీఎస్ఐ డయోసిస్‌కే కేంద్రం. అక్కడి హోలీ క్రాస్ కెథడ్రల్ ఊరందరికీ గుర్తు. క్లాసులో పక్క బెంచీలో మేరీ కూర్చున్నవాళ్లమే మనమంతా.

మరి ఈ క్రిస్టియన్ అమ్మాయి, ఆ హిందూ అబ్బాయి నిజంగా ప్రేమించుకుంటే? కథ తనకు తానే వేసుకున్న ప్రశ్న ఇది. జవాబు చెప్పాల్సిన సమయానికి పుట్టుమచ్చ వచ్చేస్తుంది. మేరీ అసలు మేరీ కాదట. గోపాలం దంపతులకు చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మేనట! డిటెక్టివ్ రాజు తేల్చేస్తాడు. ఇక మతం గొడవే లేదు. పెళ్లి బాజాలు.

హాల్లో అందరూ ఊపిరి పీల్చుకునుంటారు. ఎవరికీ నొప్పి లేకుండా అన్నీ కుదిరాయి. కానీ కాస్త చూడండి.. మేరీ పుట్టుక బయటపడక ముందే ఆమె మనసు రావు వైపు తిరిగింది. ఆ అసూయ సీన్లు చెప్పింది అదే. అంటే రావు ప్రేమించింది మేరీని, రావును ప్రేమించింది కూడా మేరీయే. పెళ్లి మాత్రం మహాలక్ష్మికి జరిగింది.

ఇంకో సంగతి తెలిశాక నాకు ఒళ్లు జలదరించింది. వేర్వేరు మతాలవాళ్లు ఎవరి మతం వాళ్లు ఉంచుకుంటూనే అధికారి ముందు పెళ్లి చేసుకునేందుకు వీలిచ్చే ప్రత్యేక వివాహ చట్టాన్ని పార్లమెంటు 1954లో చేసింది. అది అమల్లోకి వచ్చిన రోజు 1955 జనవరి 1. ‘మిస్సమ్మ’ విడుదలకు సరిగ్గా పదకొండు రోజుల ముందు! అంటే మేరీ మేరీగానే, రావు రావుగానే సంతకాలు పెట్టుకునే దారి అప్పటికే తెరిచి ఉంది. సినిమా ఆ దారి వైపు చూడలేదు.

మా అవ్వతో కూర్చుని చూసినప్పుడు ఈ మాటే అన్నాను. ఆమె తాంబూలం నములుతూ వింది.

“పుట్టుమచ్చ లేకపోతే ఏమయ్యేది అవ్వా? చేసుకుందురా?”

“ఏమ్మే, ఆ పిల్ల కిరస్తానమైతే ఏమి? అంత మంచి పిల్ల. నేనైతే అప్పుడే చేసేద్దును” అంది.

“మరి మన ఇంట్లో అయితే?”

అవ్వ టీవీ వైపు చూసింది. “ఆ రేలంగోడు వచ్చినాడు చూడు, సౌండు పెంచు” అంది.

అవ్వను తప్పుపట్టను. 1955లో చక్రపాణిగారూ చేసింది అదే, సౌండు పెంచారు. ఒక క్రిస్టియన్ అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టి, ఆమె రావును ఇష్టపడుతుంటే హాలంతా ‘త్వరగా ఒప్పుకో తల్లీ’ అనుకునేలా చేయడమే ఆ రోజుల్లో చాలా పెద్ద పని. పుట్టుమచ్చ కనిపించే లోపే ప్రేక్షకుడు మనసులో వాళ్లిద్దరికీ పెళ్లి చేసేశాడు. మా అవ్వ మాటే దానికి సాక్ష్యం. సినిమా ఆఖర్లో వెనక్కి తగ్గినా, అప్పటికే మనల్ని కొంత దూరం ముందుకు తెచ్చేసింది.

నోటీసు బోర్డు మీద పేర్లు

ఆ చట్టం ఇప్పటికీ ఉంది. దాని కింద పెళ్లి చేసుకోవాలంటే ముందు వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో కనీసం ఒకరు ఆ జిల్లాలో ముప్పై రోజులుగా ఉంటూ ఉండాలి. ఆ నోటీసును అందరికీ కనిపించేలా ఆఫీసులో అతికిస్తారు. ముప్పై రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. తర్వాత ముగ్గురు సాక్షులతో సంతకాలు.

కాగితం మీద చిన్న విషయంలా ఉంటుంది. కానీ చిన్న ఊళ్లో ఆ నోటీసు బోర్డు అంటే ఏంటో ఒక్కసారి ఊహించండి. పొలం రిజిస్ట్రేషన్‌కు వచ్చిన మీ చిన్నాన్న చూస్తాడు. డాక్యుమెంట్ రైటర్ చూస్తాడు. సాయంత్రానికి ఆ ఫొటో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. హైదరాబాద్‌లో ముప్పై రోజులు ఎలాగో గడిచిపోతాయి. మా ఊళ్లో ముప్పై నిమిషాలు కూడా గడవవు.

అందుకే మనవాళ్లు ఇప్పటికీ నాటకాలే ఎంచుకుంటున్నారు. నా చుట్టూ చూసినవే చెప్తాను. రూము కోసం ‘అన్నా చెల్లెళ్లం’ అని చెప్పే జంటలున్నాయి. ఇంట్లోవాళ్లకు ‘కొలీగ్’ అని పరిచయం చేసేవాళ్లున్నారు. ఫోన్‌లో ఆమె నంబర్‌ను ‘గ్యాస్ ఏజెన్సీ’ అని సేవ్ చేసుకున్న ఓ మహానుభావుడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. వాళ్ల అమ్మ ఒకరోజు సిలిండర్ బుక్ చేయమని ఆ నంబర్‌కే ఫోన్ చేసింది. ఆ అమ్మాయి తడబడకుండా “రేపు పంపిస్తామండీ” అందట! పింగళి డైలాగుకు ఏమాత్రం తక్కువ కాదు.

అందరం నవ్వుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం అంతగా నవ్వలేదు. “ఎన్నాళ్లు గ్యాస్ ఏజెన్సీగా ఉండాలి నేను?” అంది.

‘మిస్సమ్మ’లో మేరీ కోపం కూడా ఇదేనని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఆమెను గయ్యాళిగా, మొండిగా చూసి నవ్వుకుంటాం. కానీ ఆ సినిమాలో అబద్ధం ఎక్కువ బరువు మోసింది ఆమే. రావుకు ఆ నాటకం కాస్త సరదా. మేరీ మాత్రం పేరు, పూజ, అలవాట్లు అన్నీ దాచుకోవాలి, తనది కాని జీవితాన్ని రోజూ తొడుక్కోవాలి. పెళ్లి నాటకంలో మగవాడు నటిస్తాడు, ఆడది మారిపోవాలి. సావిత్రి ఆ కోపాన్ని కామెడీగా చేస్తూనే, కళ్లలో ఆ బరువును కూడా ఉంచింది. ఆ రెండూ ఒకేసారి చేయగలిగినవాళ్లు ఎప్పుడూ తక్కువే.

కాబట్టి ఈ ఆదివారం మూడు గంటలు వీలు చేసుకుని చూడండి. పాటలు దాటేయొద్దు, కథ సగం వాటిలోనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పుట్టుమచ్చ సీన్ రాకముందే పాజ్ చేసి, ‘వీళ్లిద్దరికీ పెళ్లి చేయొచ్చా, వద్దా?’ అని అడగండి. మా అవ్వలాగా చాలామంది ‘చేయొచ్చు’ అనే అంటారు. రెండో ప్రశ్న అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడిగితే మాత్రం సౌండు పెంచనివ్వకండి.